తోక పట్టిన తోయ్

మకావులో డ్రాగన్‌ని చూశామని చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. జేబులో ఉన్నదంతా కాసినోలో ఊడ్చిపెట్టి బయటికొచ్చిన ప్రతివాడికీ ఆ వేళప్పుడు ఏదో ఒకటి కనబడుతుంది. కానీ డ్రాగన్‌ని నలభై ఏళ్ళ పాటు తోక పట్టి ఆపి, చివరికి ఒకనాడు పట్టపగలు, సెనాడో కూడలి నడిబొడ్డున, అంతమంది చూస్తుండగా ఆకాశంలోకి వదిలేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఎర్ర మార్కెట్లో చందువలమ్మే చియాంగ్ కాం-తోయ్. ఆ తోక పైకి లేచిన విసురుకి పక్కనున్న చర్చి గంట తనంతట తానే మోగిందనీ, రేవు గట్టున కాసినోలో తిరుగుతున్న చక్రాలన్నీ ఒకే అంకె మీద టక్కున ఆగాయనీ మా మార్కెట్లో ఎవరినడిగినా చెబుతారు. చేప కొననివాళ్ళకు మాత్రం సగమే చెబుతారు.

తోయ్ పట్టు అలాంటిది మరి. పదో నంబరు తుఫాను వచ్చిన ఏడు మార్కెట్ వెనక రేకుల కప్పు లేచిపోతుంటే ఈయన పరిగెత్తి ఒక మూల పట్టుకున్నాడు. తుఫాను కప్పునంతా ఎత్తుకుపోయి సముద్రంలో పారేసింది. ఆ మూల మాత్రం ఈయన చేతిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ దాని మీదే చేపల బుట్ట పెట్టుకుంటాడు. మనిషి పొట్టి. మెడ ఉన్నట్టే తెలియదు. నడుస్తుంటే చూపు నేల మీదే ఉంటుంది. తెలియనివాళ్ళు సిగ్గనుకుంటారు. ఏటేటా ఇంకొకడి పాదాలు చూస్తూ గెంతినవాడికి చూపు కిందికే పాతుకుపోతుంది.

ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది, డ్రాగన్‌కి నడుమేదని. మా చేపలవాళ్ళ డ్రాగన్‌కి నడుముండదు. తల ఒక ముక్క, తోక ఒక ముక్క, రెండూ కర్పూరపు చెట్టు చెక్కతో చేసినవి. తల ఒకడు పడతాడు, తోక ఒకడు పడతాడు, మధ్యన ఉండేది గాలీ, సారా వాసనా. పూర్వం ఊళ్ళో మహమ్మారి పుట్టినప్పుడు పూటుగా తాగిన సన్యాసి ఒకడు వాగులోంచి లేచిన పెద్దపామును కత్తితో ముక్కలు చేశాడట. ఆ ముక్కలే డ్రాగనై ఎగిరిపోయాయట, రోగం వాటితోపాటే పోయిందట. అందుకని చాంద్రమానం లెక్కన నాలుగో నెల ఎనిమిదో రోజున మా మార్కెట్లో కత్తి మొద్దు మీద పడదు. చేపలవాళ్ళంతా గుడి ముందు చేరతారు. జాడీలకొద్దీ బియ్యపు సారా వస్తుంది. తల పట్టినవాడి నోట్లో సారా పోస్తే సగం మింగి సగం ఆకాశం మీదికి ఉమ్ముతాడు, తూలుతూ గెంతుతాడు. తోక పట్టినవాడు నడుం వంచి, తలవాడి పాదాలు ఎటు పడితే అటు గెంతాలి. వాడు తలెత్తడు కాబట్టి సారా పోసేవాడు వెనకనుంచి వచ్చి భుజం మీద తడతాడు. తోక వదలకుండా మొహం మాత్రం పైకెత్తి నోరు తెరవాలి. ఆ తట్టడం, ఆ తెరవడం తోయ్‌కి ఊపిరి పీల్చడమంత అలవాటు.

తల పట్టేవాడు లోక్ పాక్-సెంగ్. ఎదురు కొట్టువాడు, పండుగప్పలమ్మేవాడు. ఆరడుగుల మనిషి, నుదుటి మీద జుట్టు పడితే సినిమావాడిలా ఉండేవాడు. గుడి ముందు తల చేతికందగానే వెనక్కి తిరక్కుండా ఒక్క కేక వేసేవాడు.

“ఒరేయ్ తోకా, ఉన్నావా?”

“ఉన్నా.”

“పడిపోతే చెప్పు, ఆగను గానీ, తెలుసుకోవాలిగా!”

ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ అందరూ నవ్వేవాళ్ళు. మర్నాడు పేపర్లో ఫోటో పడేది. లోక్ నోట్లోంచి సారా ఫౌంటెన్‌లా లేస్తూ ఉంటుంది, పక్కన అంచులో ఏదో చిన్న ముక్క. పక్క కొట్టు ఫన్ అక్క ఆ పేపరు తెచ్చి అందరికీ చూపించేది. ఫన్ అక్క రొయ్యలూ పీతలూ అమ్ముతుంది. ఆవిడ నోటికి పీతలు కూడా డెక్కలు ముడుచుకుంటాయి.

“తోయ్ అన్నా, ఈసారి నీ చెవి పడింది చూడు. భలే వచ్చింది. పటం కట్టించుకో.”

“పోయినేడు మోచెయ్యి పడింది,” అనేవాడు తోయ్, చేప పొలుసు గీకుతూ.

“అలా ఏడాదికో ముక్క పడుతూ ఉంటే, చచ్చేలోపు మొత్తం మనిషి తయారవుతాడు.”

తోయ్ కూడా నవ్వేవాడు. ఒక్కసారి, కేవలం ఒక్కసారి, తల పట్టాలని ఆయనకుండేదని అప్పట్లో ఎవరికీ తెలియదు. లోక్‌కి అసలే తెలియదు. ముందున్న మనిషి వీపు అడ్డు లేకుండా ఆ వీధి ఎలా ఉంటుందో చూడాలని, అంతే. అడిగితే లోక్ ఇచ్చేసేవాడే. అందుకే అడగలేదు.

లోక్‌కి పక్షవాతం వచ్చింది. పండుగప్ప తూస్తూ తూస్తూ తక్కెడ మీదికే ఒరిగిపోయాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కోడలు రోజూ సాయంత్రం మార్కెట్ దాకా తోసుకొచ్చేది. ఆయన తన మూసిన కొట్టు ముందు కూర్చుని ఎడమ కన్నుతో అందరినీ చూసేవాడు.

చేపలవాళ్ళ సంఘం పెద్ద క్వాన్. ముసలివాడు, కొట్టు ఎప్పుడో మూసేశాడు. పండగనాడు సారా జాడీ మోసే పని మాత్రం ఎవరికీ ఇవ్వడు. ఆయన వచ్చి తోయ్ మొద్దు ముందు నిలబడ్డాడు.

“తల ఇక నీదే తోయ్. ఎవరూ కాదనరు. మరి తోక ఎవరు పడతారు?”

“చూస్తా.”

“తొందరగా చూడు. ఆ కొత్త హోటల్ వాళ్ళు తలా తోకా జంటని అడుగుతున్నారు. వాళ్ళ పెద్ద హాల్లో అద్దాల పెట్టెలో పెడతారట, వచ్చేపోయేవాళ్ళు చూస్తారట. ఈ ఏడు మీరు బయటికి రాకపోతే సంఘం ఇచ్చేస్తుంది. నేనూ చెయ్యెత్తుతా, ముందే చెబుతున్నా.”

“అద్దాల పెట్టెలోనా? ఊపిరాడొద్దా దానికి?”

“ఏసీ ఉంటుందిలేరా.”

తోక పట్టేవాడు చేపలవాళ్ళ ఇంట్లో పుట్టినవాడై ఉండాలి. అది మారని కట్టుబాటు. మార్కెట్ పైనుంచి కిందిదాకా తోయ్ తిరిగాడు. ఒకప్పుడు ఆ రేవులో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడితే, ఒడ్డునుంచి నడుచుకుంటూ అవతలి గట్టుకు వెళ్ళొచ్చేవాళ్ళు, కాళ్ళు తడవకుండా. ఇప్పుడు చేప తిన్నగా హోటళ్ళ వంటింటికే లారీలో వెళ్ళిపోతుంది. మిగిలిన కొట్లలో ఒకరికి మోకాలు, ఒకరికి గుండె. వాళ్ళ కొడుకులంతా కాసినోల్లోనే. ఒకడు పేకలు పంచుతాడు, ఒకడు తలుపు దగ్గర నిలబడతాడు, ఒకడు జనాన్ని బస్సులెక్కిస్తాడు. పండగపూట హోటళ్ళు కిటకిటలాడతాయి, సెలవెవరిస్తారు?

“నేను పట్టనా?” అంది ఫన్ అక్క. “మీ అందరికన్నా నాకే మందు ఎక్కువ పడుతుంది.”

“నడుం వంగుతుందా అక్కా?”

“వంగుతుంది. లేవదు. నువ్వు ఊరంతా తిరిగొచ్చి లేపుకో.”

చివరికి మిగిలింది ఇంట్లో ఉన్నవాడే.

వెంగ్ తోయ్‌కి ఒక్కగానొక్క కొడుకు. వాడు బడిలో ఉండగానే తల్లి పోయింది. పోయేముందు ఆవిడ కోరింది ఒకటే, పిల్లాడి చేతులకు పొలుసు అంటనివ్వొద్దని. తోయ్ ఆ మాట నిలబెట్టాడు. వెంగ్ కాసినోలో పేకలు పంచే పనిలో చేరి పదేళ్ళు దాటింది. తెల్లగా, సన్నగా, గోళ్ళ కింద మచ్చుకైనా మురికి లేని చేతులు. ఆ ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. బల్ల మారే వేళకి కొత్తవాడు వెనకనుంచి వచ్చి భుజం తడతాడు. వెంటనే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలి, ఒక్క చప్పట కొట్టి, రెండు అరచేతులూ పైకెత్తి, ఇటూ అటూ తిప్పి కప్పులోని కెమెరాకి చూపించాలి, ఏమీ దాచుకోలేదని. అప్పుడే బల్ల దగ్గరనుంచి కదలనిస్తారు. ఇది వాడికి ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో జావ తాగి గిన్నె పెట్టినా చప్పట కొట్టి చేతులు చూపించేవాడు. వాడి పెళ్ళి చూపుల్లో టీ కప్పు కింద పెట్టి పిల్ల తండ్రికి అరచేతులు చూపించాడనీ, ఆయన జాతకం చదవమంటున్నాడేమోనని కళ్ళజోడు తీశాడనీ మార్కెట్లో ఒక కథ. ఆ సంబంధం కుదరలేదన్నది మాత్రం కథ కాదు.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళబోతూ వెంగ్ జావ తాగుతున్నాడు. తోయ్ ఎదురుగా కూర్చుని ఉప్పుచేప ముక్కను చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“నాలుగో నెల ఎనిమిదో రోజున నీకు డ్యూటీ ఉందా?”

“ఎందుకు నాన్నా?”

“ఊరికే.”

“ఊరికే అడిగే మనిషివా నువ్వు?”

“తోక పట్టాలి.”

వెంగ్ చెంచా ఆపాడు. “ఎవరు, నేనా? నాన్నా, ఒంటిమీద చేపల వాసనొస్తే నన్ను బల్ల దగ్గరికే రానివ్వరు.”

“మందు వాసనే వస్తుందిలే.”

“అది ఇంకా బావుంది!” అని నవ్వి, తండ్రి నవ్వకపోవడం చూసి ఆపేశాడు. “లోక్ పెదనాన్న తల నీకిచ్చారా?”

“తోకుంటే ఇస్తారు.”

“లేకపోతే?”

“హోటల్లో పెడతారు.”

వెంగ్ జావ ముగించాడు. గిన్నె పెట్టాడు, చప్పట కొట్టాడు, చేతులు చూపించాడు, చూపించినందుకు తనలో తనే విసుక్కుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా సెలవు సంపాదించాడు. దానికోసం వచ్చే కొత్త సంవత్సరం పండగ సెలవులన్నీ తోటివాడికి ధారపోశాడని తోయ్‌కి తర్వాతెప్పుడో తెలిసింది.

కొట్లు కట్టేశాక మార్కెట్ తడినేల మీద సాధన మొదలైంది. తోయ్ నోరు విప్పి అంతగా మాట్లాడటం మార్కెట్ అప్పుడే విన్నది.

“తల వంక చూడకు. తల అబద్ధమాడుతుంది. పాదాలు చూడు.”

“చూస్తున్నా.”

“ఎడమ మడమ లేచిందంటే కుడికి తూలబోతున్నానని.”

“నువ్వు తూలట్లేదు నాన్నా, జారుతున్నావు. కింద రొయ్య పొట్టుంది.”

“డ్రాగన్ కూడా జారుతుంది. ఆగకు!”

వెంగ్ పట్టేశాడు. పదేళ్ళుగా ఎదుటివాడి వేళ్ళను కనిపెట్టిన కళ్ళకి పాదాలొక లెక్కా? అంత బరువు తోకని వాడు పేక ముక్కలా తిప్పుతుంటే ఫన్ అక్క బల్ల మీద చెయ్యేసి కొట్టింది. “తోయ్ అన్నా, నలభై ఏళ్ళు నువ్వు మోశావు గానీ, తోక ఆడించడమంటే ఇదీ!”

“నా కొడుకు కదా,” అన్నాడు తోయ్. ఆ మాట ఆయన అంతకుముందెప్పుడూ అనలేదు. లోక్ చక్రాల కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో తాళం వేశాడు. ఆ కొన్ని వారాలూ తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే వేళకి అన్నం తిన్నారు.

ఆ వారాల్లో వెంగ్‌కి డ్యూటీ రాత్రికి మారింది, సాధన అయ్యాక తిన్నగా అక్కడికే వెళ్ళాలి. నోటి దగ్గర మందు వాసన వస్తే ఉద్యోగమే పోతుంది. అందుకని సారా లేకుండానే ఆడారు. జాడీ రాలేదు, క్వాన్ రాలేదు. వెనకనుంచి వచ్చి ఎవరూ వెంగ్ భుజం తట్టలేదు. అడుగులన్నీ నేర్పిన తోయ్ ఆ ఒక్కటీ చెప్పలేదు. తనకు అది చెప్పాల్సిన సంగతిగా తోచనే లేదు.

ఆ రోజు వచ్చింది. గుడి ముందు డ్రాగన్ కళ్ళకి ఎర్ర చుక్కలు పెట్టారు, చెవుల్లో పంపర పనస ఆకులు గుచ్చారు. వీధి పొడవునా జనం. సగంమంది ఫోన్లు పైకెత్తి ఉన్నారు, పడవ దిగి తిన్నగా వచ్చినట్టు పెట్టెలు కాళ్ళ దగ్గరే ఉన్నాయి. లోక్ కుర్చీని కోడలు కూడలి మలుపులో ముందు వరసలో పెట్టింది. క్వాన్ తల తెచ్చి తోయ్ చేతుల్లో పెట్టాడు. ఇన్నేళ్ళుగా తోక బరువే బరువనుకున్నాడు తోయ్. తల అంతకన్నా బరువు. లోక్ ఏనాడూ చెప్పలేదు.

ఆయన వెనక్కి తిరగలేదు. గొంతు సవరించుకుని కేక వేశాడు.

“ఒరేయ్ వెంగ్, ఉన్నావా?”

“ఉన్నా నాన్నా!”

సారా గొంతులో పడింది. సగం మింగి సగం ఆకాశం మీదికి ఉమ్మాడు. ఎండలో ఆ తుంపర మీద రంగులు కనిపించాయి. ఆ తుంపర అవతలి వీధిలో పడి అక్కడి పావురాలు మూడు రోజులు తిన్నగా ఎగరలేదంటారు మావాళ్ళు. తోయ్ తల ఎత్తాడు. ముందు ఎవరి వీపూ లేదు. నలుపూ తెలుపూ రాళ్ళు అలలు అలలుగా పరిచిన నేల, పసుపు గోడలు, పచ్చ కిటికీలు, రెండు పక్కలా విచ్చుకుంటున్న జనం, వాళ్ళ మీద ఆకాశం. పుట్టి పెరిగిన ఊరు. ఇంత వెడల్పుందని ఆయనకిప్పుడే తెలిసింది. ఎడమ మడమ లేపి కుడికి తూలాడు. వెనక కొడుకు పాదాలు తూలిన చప్పుడు వినిపించింది. ఇంకా గట్టిగా తూలాడు. అదీ వినిపించింది. గెంతాడు. మలుపులో లోక్ మొహం కనిపించింది. సగం మొహం నవ్వుతోంది.

క్వాన్ ఇంకో గుక్క పోసి, జాడీ భుజానికెత్తుకుని వెనక్కి వెళ్ళాడు.

తోయ్‌కి ముందు వినిపించింది రాతి మీద చెక్క పడిన చప్పుడు. ఆ వెంటనే ఒక్క చప్పట. ఆ చప్పట ఆయన రోజూ ఇంట్లో వినేదే. తిరగకముందే అర్థమైపోయింది.

తిరిగి చూశాడు. వెంగ్ నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ ఆకాశానికి ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూపిస్తున్నాడు. తెల్లటి, శుభ్రమైన చేతులు. వాడి వెనక క్వాన్, తట్టిన చెయ్యి వాడి భుజం మీద అలాగే ఉంది, ఇంకో చేతిలో వంచిన జాడీలోంచి సారా నేల మీద కారిపోతోంది. వాళ్ళ కాళ్ళ దగ్గర తోక, రెండు ముక్కలై.

తర్వాత ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయిందనుకున్నారు. చేతులు చూపించిన కుర్రాడు అంత అందంగా ముగించాడు మరి. ఈలలు కూడా వేశారు.

“నాన్నా,” అన్నాడు వెంగ్. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. “భుజం మీద… నాకు బల్ల మారిందని…”

“తెలుసు.”

“నేను…”

“తెలుసులే. చేతులు దించు.”

తోక ముక్కలేరడానికి వంగాలనుకున్నాడు తోయ్. వంగలేడు. బయటికొచ్చిన తల మళ్ళీ గుడి చేరేదాకా నేల తాకకూడదు. చేతులు ఖాళీ లేవు. వెంగ్ మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్చీలోంచి లోక్ ఏదో అరిచాడు. మాట కాదు, గొంతు మాత్రమే. కోడలు కుర్చీ తిప్పేసింది.

తోయ్ ఒక్కడే తల మోసుకుంటూ వచ్చిన దారినే గుడికి నడిచాడు. తూలలేదు, గెంతలేదు. జనం పక్కకి తప్పుకుంటూ ఫోటోలు తీశారు. మర్నాడు పేపర్లో ఆయన మొహం నిండుగా పడింది, మొదటిసారి. ఫన్ అక్క ఆ పేపరు ఎవరికీ చూపించలేదు. దాంట్లో పీతలు చుట్టి అమ్మేసింది.

ఆ తర్వాత చెప్పడానికి గొప్ప సంగతులేమీ లేవు. విరిగిన తోకని వడ్రంగి జిగురుపెట్టి అతికించాడు. “చూడ్డానికి పనికొస్తుంది, ఎత్తడానికి పనికిరాదు,” అన్నాడు. సంఘం కూర్చుంది, చేతులెత్తారు, క్వాన్ కూడా ఎత్తాడు. జంట హోటల్‌కి వెళ్ళిపోయింది. తోయ్ ఒకసారి చూసి రావడానికి వెళ్ళాడు, ఉతికిన చొక్కా వేసుకుని. పెద్ద హాలు, బంగారు రంగు స్తంభాలు, అద్దాల పెట్టె, ఏసీ కూడా ఉంది. నడుమేదని వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారట. అందుకని తలకీ తోకకీ మధ్య ఎర్రగుడ్డతో ఒక నడుం కుట్టించి దూది కూరారు. తోయ్ కాసేపు దాని వంక చూసి వచ్చేశాడు. దారిలో ఆగి బిస్కెట్లు కొన్నాడు, ఎవరికో మరి. ఇంటికెళ్ళాక అవి డబ్బాలోనే ఉండిపోయాయి.

వెంగ్ అప్పట్నుంచీ ఎప్పుడూ రాత్రి డ్యూటీయే అడిగి వేయించుకున్నాడు. తండ్రి చేపలు దింపించుకోవడానికి రేవుకి వెళ్ళే వేళకి కొడుకు ఇంటికొస్తాడు. మెట్ల మీద ఎదురుపడితే “జావ ఉంది” అంటాడు ఒకడు, “సరే” అంటాడు ఇంకొకడు. ఇంట్లో వాడు గిన్నె పెట్టినప్పుడు ఇప్పుడు చప్పట వినిపించదు. చేతులు ఒళ్ళో కట్టేసుకుంటాడట. వాడి కాసినో పెద్దలు ఆ వీడియోని కొత్తగా చేరినవాళ్ళకి పాఠంగా చూపిస్తున్నారని, డ్రాగన్‌ని మోస్తున్నా మనవాడి చెయ్యి నియమం తప్పలేదని చెబుతున్నారని మార్కెట్లో ఒక మాట తిరిగింది. ఇది ఎవరు కల్పించారో గానీ, నవ్వుదామని మొదలుపెట్టి ఎవరూ నవ్వలేకపోయారు.

ఆ వానాకాలంలో లోక్ పోయాడు. అదే నెలలో ఇంకో రెండు కొట్లకు తాళాలు పడ్డాయి. అప్పుడు మొదలైంది గుసగుస. తోక నేలపడితే ఊరికే పోతుందా? చేపలవాళ్ళ ఇంట్లో పుట్టీ చేప ముట్టనివాడి చేతిలో పెట్టాక ఏమవుతుంది? తోయ్‌కి వినబడేలా ఎవరూ అనలేదు. కానీ ఆయన కొట్టు దగ్గర బేరగాళ్ళు పలచబడ్డారు. శకునం పట్టింపు ఉన్నవాళ్ళు ఎదురుగా వెళ్ళడం మానేసి పక్కసందు చుట్టి వెళ్ళేవాళ్ళు.

ఫన్ అక్కకి ఒళ్ళు మండింది. ఊరు చూపించే అమ్మాయి ఒకతె జెండా ఊపుకుంటూ జనాన్ని తీసుకొచ్చి, విరిగిన డ్రాగన్ సంగతి అడిగితే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని అందుకుంది. “విరగడమేంటమ్మా? అది లేచిపోయింది! ఆనాడు పాము ముక్కలు లేచిపోలేదూ, అట్లాగే. మా తోయ్ అన్న నలభై ఏళ్ళు బిగబట్టి ఆపాడు దాన్ని. ఆయన తలకి మారగానే అదను చూసుకుని పిల్లాడి చేతుల్లోంచి లేచిపోయింది. వాడు ఖాళీ చేతులు పైకెత్తి చూపించాడు కదా అందరికీ, మీరు వీడియోలో చూడలేదూ?” రెండోరోజుకి చర్చి గంట చేరింది. మూడోరోజుకి కాసినో చక్రాలు చేరాయి. మా మార్కెట్ అంతా తలా ఒక చెయ్యి వేసింది, ఎవరికి చేతనైనంత వాళ్ళం. శకునం భయం తగ్గింది. బేరగాళ్ళు కొంతమంది తిరిగొచ్చారు. జెండా అమ్మాయి ఇప్పుడు గుడి, చర్చి అయ్యాక తిన్నగా ఎర్ర మార్కెట్‌కే పట్టుకొస్తుంది, డ్రాగన్‌ని వదిలేసిన మనిషిని చూపిస్తానని.

మొన్న కూడా వచ్చారు. చైనా ఉత్తరాదినుంచి, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న గుంపు. ఫన్ అక్క మంచి ఊపు మీద ఉంది. తోక మబ్బుల్లోకి దూరాక రేవులో నీళ్ళు జానెడు లేచాయని కొత్తగా ఒక ముక్క కలిపింది. తోయ్ తన మొద్దు దగ్గర చందువ రెక్కలు కోస్తున్నాడు. ఆయన ఎప్పుడూ తలెత్తడు, ఎవరితోనూ అవునని గానీ కాదని గానీ అనడు.

టోపీల్లోంచి ఒకామె ముందుకొచ్చింది. పెద్దావిడ. ఎందుకో ఫోన్ పైకెత్తలేదు. చేపల వంక కాక ఆయన వంక చూస్తూ అడిగింది.

“ఈవిడ చెప్పేది నిజమేనా అన్నయ్యా? మీరు చూశారా అది ఎగరడం?”

“చెప్పు తోయ్ అన్నా,” అంది ఫన్ అక్క. “నీ నోటితో ఒక్కసారి చెప్పు. పోనీ, తలూపు చాలు.”

ఆయన కత్తి ఆపాడు. చెయ్యి తుడుచుకున్నాడు. ఆవిడ మొహంలోకి చూశాడు.

“ఎగరలేదమ్మా. కిందపడి విరిగింది.”